ఒకటి, రెండు తరగతుల పిల్లలతో రోజంతా ఏం చేయించాలి?

ప్రశ్న: ఈమధ్యే ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) చేరాను. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు నాకు ఇచ్చారు. రెండూ కలిపి ఇరవై మంది పిల్లలు, ఒకే గది. శిక్షణలో కృత్యాల (యాక్టివిటీల) ద్వారా చెప్పమన్నారు. కృత్యం పది నిమిషాల్లో అయిపోతోంది, ఆ తర్వాత గోల. రోజూ కొత్త కృత్యం ఎక్కడి నుంచి తేవాలి? నోట్సులో ఏమీ రాయించడం లేదని తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. పొద్దున్నే బడికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

సమాధానం:

అమ్మా, రోజూ కొత్త కృత్యం తేవాలన్న ఆలోచన ముందు మానేయండి. మీ టెన్షన్‌లో సగం దానివల్లే. ఆరేడేళ్ల పిల్లలకు కొత్త ఆట చెప్పడానికే సగం పీరియడ్ పోతుంది. ఎక్కడ కూర్చోవాలి, ఎవరి తర్వాత ఎవరు, గింజల డబ్బా ఎవరి దగ్గర ఉండాలి అన్న పంచాయితీ తేలేసరికి గంట కొడతారు. అదే ఆట పదోసారి ఆడేటప్పుడు ఈ తంటాలేవీ ఉండవు. పిల్లవాడి దృష్టంతా అక్షరం మీదో అంకె మీదో నిలుస్తుంది. నేను చిన్న తరగతులే చెబుతూ ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎంగా, అంటే ప్రాథమిక బడి ప్రధానోపాధ్యాయ పోస్టులో, రిటైరయ్యాను. అన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇదే: నాలుగైదు పనులు ఎంచుకుని ప్రతిరోజూ అదే వేళకు, అదే పద్ధతిలో చేయించాలి. పద్ధతి మారకూడదు, అందులోకి వచ్చే మాటలు, లెక్కలు, కథలు మారుతుండాలి. ఇంకో షరతు కూడా ఉంది. రోజు ముగిసేలోపు ప్రతి బిడ్డా ఒక్కసారైనా తనంతట తాను నోరు విప్పి మాట్లాడాలి, ఏదో ఒకటి చదవాలి, చేత్తో ఏదో ఒకటి లెక్కపెట్టాలి. ఇరవై మందిలో ముందు వరుసలో ఉన్న ఐదుగురు జవాబు చెప్పినంత మాత్రాన పాఠం జరిగినట్టు కాదు.

పొద్దున్నే చేయాల్సిన పనితో మొదలుపెడతాను. పాత పెళ్లిపత్రికల ఖాళీ వైపు ఒక్కో బిడ్డ పేరు పెద్ద అక్షరాలతో రాయండి. ఒకటో తరగతి వాళ్ల కార్డు మూల మీద ఒక గుర్తు వేయండి, ఒకరికి చేప, ఒకరికి ఆకు, ఒకరికి గొడుగు. కార్డులన్నీ గుమ్మం పక్కన బల్ల మీద పరిచి పెట్టండి. లోపలికి వచ్చిన బిడ్డ తన కార్డు వెతుక్కుని గోడకు కట్టిన తాడుకు క్లిప్పుతో తగిలించాలి. మొదట్లో గుర్తు చూసి తీస్తారు. రెండు మూడు వారాలయ్యాక గుర్తు ఉన్న మూలను కత్తిరించేయండి. అప్పుడు అక్షరాలు చూడక తప్పదు. ఆ తర్వాత పక్కవాడి కార్డు తెచ్చివ్వమనండి.

తన పేరంటే పిల్లలకు ఉండే ఇష్టం ఏ చార్టుతోనూ రాదు. సాత్విక అనే అమ్మాయికి ఒత్తులు రావడానికి ఇంకా ఏడాది పడుతుంది, కానీ తన పేరులోని ‘త్వి’ మొదటి నెలలోనే గుర్తుపడుతుంది. మోక్షిత్ అనే పిల్లవాడు వాచకంలో ఎక్కడ ‘క్ష’ కనబడినా నా అక్షరం అని వేలు పెట్టి చూపిస్తాడు. పక్కవాళ్ల పేర్లు చదవడంతో ఒకటో తరగతి బిడ్డకు అక్షరమాల సగం పరిచయమైపోతుంది. వర్ణమాల వరుసలో ‘ఱ’ దాకా వెళ్లేవరకు ఆగాల్సిన అవసరం లేదు.

హాజరు పట్టీ కూడా ఈ కార్డులతోనే వేయండి. బల్ల మీద మిగిలిన కార్డులు ఎవరివో పిల్లలే చదివి చెప్పాలి. తాడు మీద ఎన్ని, బల్ల మీద ఎన్ని, మొత్తం ఎన్ని. ఇరవైలో పదిహేడు మంది వచ్చారంటే ముగ్గురు రాలేదన్న తీసివేత కళ్ల ముందు ఉంటుంది. తర్వాత రెండో తరగతి పిల్లలిద్దరిని వంట చేసే ఆయమ్మ దగ్గరికి పంపి ఈరోజు మా గదిలో ఎంతమంది భోజనం చేస్తారో చెప్పి రమ్మనండి. గుడ్డు పెట్టే రోజైతే తిననివాళ్లు ఎందరో తీసేసి చెప్పాలి. తప్పు చెబితే గుడ్లు తక్కువ పడతాయని వాళ్లకు తెలుసు కాబట్టి ఆ లెక్క ఎంతో శ్రద్ధగా చేస్తారు. ఇదంతా పావుగంటలో అయిపోతుంది. ఈ పావుగంటలో చదవడం, లెక్కించడం, బాధ్యత మూడూ జరిగాయి, ఆ పేరు కార్డులు తప్ప మీరు ఏ సామగ్రీ తయారు చేయలేదు.

తర్వాతది మాటల వేళ. నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కొత్త టీచర్లు ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే. అందరూ గుండ్రంగా కింద కూర్చోండి, మీరు కూడా. నిన్న ఏం చేశారని అడగకండి, ఏం లేదు టీచర్ అంటారు. జవాబు కళ్లకు కట్టినట్టు ఉండే ప్రశ్న అడగాలి. ఈరోజు మీ ఇంట్లో అందరికంటే ముందు ఎవరు లేచారు? మీ వీధిలో కుక్క ఎక్కడ పడుకుంటుంది? వాన పడితే మీ ఇంట్లో నీళ్లు ఎటు పోతాయి? ఒక్కొక్కరు ఒక మాటైనా చెప్పాలి. సిగ్గుపడే బిడ్డను బలవంతం చేయొద్దు, కానీ గుండ్రం పూర్తయ్యాక మళ్లీ ఆమె దగ్గరికి రండి. అందరూ చెప్పడం విన్నాక చాలామంది పెదవి విప్పుతారు.

వాళ్లు చెప్పిన వాటిలో ఒక మాట ఎంచుకుని, ఆ బిడ్డ అన్నది అన్నట్టే బోర్డు మీద రాయండి. ‘మా మేక రెండు పిల్లల్ని ఏసింది’ అంటే అలాగే రాయండి. దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దకండి. తాను అన్న మాట బోర్డు మీద కనబడితే, నోట్లో ఉన్నదాన్నే సుద్దముక్కతో రాయొచ్చన్న సంగతి బిడ్డకు మొదటిసారి అర్థమవుతుంది. చదువంటే ఏమిటో తెలిసే చోటు అదే. వాచకాల భాష ఎలాగూ వాచకాల నుంచి వస్తుంది. ఇంట్లో కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలున్న బడుల్లో ఈ పని ఇంకా ముఖ్యం. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వేసి చెప్పింది ఈ ఉద్దేశంతోనే. పుస్తకాలు లేకపోయినా, ఆ బిడ్డ ఇంటి మాటను తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసే వీలు మీకు ఉంది.

ఆ వాక్యంతో రోజంతా పని ఉంటుంది. పుల్లతో ఒక్కో మాట కింద చూపిస్తూ అందరూ కలిసి చదవాలి. మేక ఎక్కడుందో ఒకరు వచ్చి చూపించాలి. పిల్లలు కళ్లు మూసుకుంటే ఒక మాట చెరిపేయండి, ఏది పోయిందో చెప్పాలి. అదే వాక్యం కాగితం ముక్కల మీద మాటలుగా కత్తిరించి ఇస్తే వరుసలో పెట్టాలి. ఒకటో తరగతి వాళ్లు అందులోంచి ఒక మాట పలక మీద రాస్తారు. రెండో తరగతి వాళ్లు వాక్యం రాసి, దాని కింద తమది ఇంకో వాక్యం చేర్చాలి. వారానికోసారి ఈ వాక్యాల్ని తెల్లకాగితాల మీద రాసి, పిల్లల చేత బొమ్మలు వేయించి, దారంతో కుట్టేయండి. అది మీ తరగతి పుస్తకం. ఖాళీ దొరికితే పిల్లలు మళ్లీ మళ్లీ తీసి చదివేది దాన్నే, ఎందుకంటే అందులో ఎవరి మేక ఏదో అందరికీ తెలుసు.

ఇక అక్షరాలు. తెలుగులో అచ్చులు, హల్లులు నేర్పినంత మాత్రాన చదవడం రాదు. 35 హల్లులకు 12 గుణింత రూపాల చొప్పున వేసుకున్నా 420 అవుతాయి, ఒత్తులు వేరే. ఇన్నిటినీ వరుసపెట్టి వల్లె వేయిస్తే, పాటలా అప్పజెబుతారు కానీ మధ్యలో ఉన్న ఒక్క అక్షరం చూపిస్తే మొదటి నుంచి మొదలుపెట్టి వేళ్లు లెక్కపెట్టుకుంటూ వస్తారు. మీ పిల్లల్లో ఇప్పటికే కొందరు అలా చేస్తుంటారు, గమనించండి. అందుకని కొద్ది అక్షరాలు, వాటితో వెంటనే మాటలు. త, ల, ప, క వచ్చాయంటే తల, కల, పలక చదివేయొచ్చు. పోలిక ఉన్న అక్షరాల్ని ఒకే వారం చెప్పకండి. ప, ఫ, ష, వ ఒక గుంపు. ద, ధ, థ ఒక గుంపు. మ, య ఇంకొకటి. ఒక్కో గుంపులోంచి ఒకటి బాగా గట్టిపడ్డాకే రెండోది.

గుణింతాలకు జంటమాటలు వాడండి. పడు, పాడు. మెడ, మేడ. వాడు, వీడు. మెడ అంటే చేత్తో మెడ పట్టుకోవాలి, మేడ అంటే చెయ్యి పైకెత్తాలి. పడు అంటే కూలబడాలి, పాడు అంటే రాగం తీయాలి. మొదట మీరు నోటితో చెప్పండి, రెండు రోజుల తర్వాత నోటితో చెప్పకుండా బోర్డు మీద రాసి చూపించండి. చదివితే తప్ప ఏం చేయాలో తెలియదు. ఏత్వానికీ ఎత్వానికీ తేడా ఎంత వివరించినా అర్థం కాని పిల్లలకు ఈ ఆటలో చెయ్యి తప్పు లేస్తే అందరూ నవ్వుతారు, రెండోసారి తప్పు చేయరు. ఐదు నిమిషాల ఆట ఇది. ప్రతిరోజూ ఆడించండి.

పలకను తక్కువగా చూడొద్దు. ఒక మాట చెప్పి అందరినీ రాయమని, ‘పలకలు పైకి’ అంటే ఒక్క చూపులో ఇరవై మంది రాసింది మీకు కనిపిస్తుంది. ఎవరికి దీర్ఘం రాలేదో, ఎవరు పక్కవాడిది చూశారో అక్కడికక్కడే తెలుస్తుంది. ఇరవై నోట్సులు దిద్దడానికి గంట పడుతుంది, దిద్దేసరికి ఆ బిడ్డ ఏం రాశాడో వాడికే గుర్తుండదు. పలక మీద తప్పు తుడిచేస్తే పోతుంది కాబట్టి భయం లేకుండా రాస్తారు. బలపం బారుగా ఇవ్వకండి, రెండు ముక్కలు చేసి పొట్టిది ఇవ్వండి. పొట్టి ముక్కను గుప్పిట్లో పట్టుకోవడం కుదరదు, మునివేళ్లతోనే పట్టుకోవాలి. పెన్సిల్ పట్టుకోవడానికి చెయ్యి అక్కడే తయారవుతుంది. ఒకటో తరగతి మొదటి నెలంతా బంకమట్టితో ఉండలు, పాములు చేయించడం, ఇసుకలో వేలితో గీయించడం, దారానికి పూసలు గుచ్చించడం కూడా రాతపనే. ఎడమచేత్తో రాసేవాళ్లను అలాగే రాయనివ్వండి. ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి మార్చమన్నా మార్చకండి.

లెక్కలకు మీ బడిలోనే మంచి సామగ్రి ఉంది, గుడ్ల ట్రేలు. ఒక ట్రేలో 30 గుంటలు ఉంటాయి. వరుసకు ఐదేసి గుంటల చొప్పున రెండు వరుసలుగా కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడు వస్తాయి. ఒక్కో జతకు ఒక ముక్క, గుప్పెడు చింతగింజలు ఇవ్వండి. ఏడు గింజలు పెట్టమంటే పైన ఐదు, కింద రెండు కనిపిస్తాయి. పది కావాలంటే ఇంకా మూడు గుంటలు ఖాళీ అని లెక్కపెట్టకుండానే చెబుతారు. పదికి ఎంత తక్కువ అన్న ఈ చూపు కుదిరితే కూడిక సగం వచ్చినట్టే. 8, 5 కలపాలంటే ఐదులోంచి రెండు తీసి ఇటు నింపి, మిగిలిన మూడు పక్కన పెడతారు. పదీ మూడూ పదమూడు. వేళ్లు మొదటి నుంచి లెక్కపెట్టే అలవాటు దానంతటదే పోతుంది.

పది దాటాక ఈనెపుల్లలు తీసుకోండి. పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేసి కట్టలు కట్టడం పిల్లల చేతే చేయించాలి. మీరు కట్టి తెస్తే అది వాళ్లకు ఒక వస్తువు మాత్రమే, పది అనిపించదు. ఇరవై ఒకటి రాయమంటే 201 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ల తర్కం సరైనదే: ఇరవై విన్నారు, రాశారు, ఒకటి విన్నారు, పక్కన రాశారు. తిట్టాల్సిన తప్పు కాదది. అట్టముక్కల మీద 10, 20, 30 అని పెద్దవి, 1 నుంచి 9 దాకా వాటిలో సగం వెడల్పుతో చిన్నవి చేయండి. 20 ముక్క మీద సున్న కప్పేలా 1 ముక్క పెడితే 21 కనిపిస్తుంది. ఎత్తి చూస్తే లోపల సున్న ఉంటుంది. నాలుగు రోజులు ఈ ముక్కలతో ఆడితే 201 మళ్లీ రాదు. దీన్ని మాటలతో వివరించడానికి ప్రయత్నించకండి, ముక్కలు చేతికివ్వండి.

ఇంగ్లిషు మీడియం గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు కాబట్టి చెబుతాను. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లిషు ఉంటుంది. లెక్కల్లో ఆలోచన తెలుగులో జరగనివ్వండి. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు పదులూ ఒకట్లూ విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తాయి. పదకొండు నుంచి పంతొమ్మిది దాకానే పిల్లలు తడబడతారు, అక్కడ ఎక్కువ రోజులు ఉండండి. కట్టలతో పని అర్థమయ్యాక ట్వంటీ వన్ అన్న పేరు నేర్పడానికి ఎంతోసేపు పట్టదు. అర్థం కాకముందే రెండు భాషల్లో పేర్లు చెబితే రెండూ నిలవవు.

వైకుంఠపాళి పటం నేల మీద సుద్దతో వేసి 1 నుంచి 100 దాకా గళ్లు పిల్లల చేతే నింపించండి. వామనగుంటలు కూడా మంచి లెక్కల ఆటే. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, ఒక్కో గింజ పంచుకుంటూ పోవాలి. ఊళ్లో ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక శనివారం బడికి పిలిచి నేర్పించమనండి. ఆ ముసలమ్మ బడిలోకి రావడం పిల్లలకు పండగ.

మధ్యాహ్నం భోజనం తర్వాత కథ. పిల్లలు మగతగా ఉండే వేళ అది, కొత్త పాఠం ఎక్కదు. పుస్తకం చేత్తో పట్టుకుని, బొమ్మలు అందరికీ కనిపించేలా తిప్పి చదివి వినిపించండి. నోటితో చెప్పే కథ వేరు, చదివి వినిపించే కథ వేరు, రెండూ కావాలి. ఒకే కథ వరుసగా మూడు రోజులు చదవండి. మొదటి రోజు వింటారు. రెండో రోజు వచ్చిన చోటల్లా గొంతు కలుపుతారు. మూడో రోజు వాళ్లే చెబుతారు, మీరు పేజీ తిప్పితే చాలు. మా టీచర్‌కు కథలు అయిపోయాయి అని ఎవరూ అనుకోరు, చిన్నపిల్లలు అదే కథ మళ్లీ చెప్పమనే అడుగుతారు. పుస్తకాలకు సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్లు చిన్న చిన్న తెలుగు బొమ్మల పుస్తకాలు వేస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు కూడా. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. రోజుకు పావుగంట చదివినా ఏడాదిలో 50 గంటలు పుస్తకభాష ఆ పిల్లల చెవిన పడుతుంది. ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేని బిడ్డకు ఆ 50 గంటలు ఇంకెక్కడా దొరకవు. దయచేసి ఏ రిపోర్టు కోసమూ ఈ పావుగంటను వదులుకోకండి.

ఇప్పుడు మీరు అడిగిన గోల సంగతి. రెండు రకాల చప్పుళ్లు ఉంటాయి. ఇద్దరు పిల్లలు నా వంతు, నీ వంతు అనుకుంటూ గింజలు లెక్కపెట్టుకునే చప్పుడు మంచిది, దాన్ని ఆపకండి. హెచ్ఎం గారు వచ్చి చూసినా ఆపకండి, ఏం జరుగుతోందో ఆయనకు వివరించండి. రెండోది పని లేని చప్పుడు. అది దాదాపు ఎప్పుడూ ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు, ముందే అయిపోయినవాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. మారేటప్పుడు ఒక చప్పట్ల తాళం పెట్టుకోండి, మీరు కొడితే వాళ్లు తిరిగి కొట్టి ఆగిపోవాలి. సామగ్రి నలుగురికి ఒక డబ్బా చొప్పున ముందే సర్ది పెట్టి, ఆ డబ్బా తెచ్చే పని వారానికి ఒకరికి ఇవ్వండి. ముందే అయిపోయినవాళ్లకు ఎప్పుడూ ఒకటే పని ఉండాలి: తాడుకు వేలాడదీసిన పుస్తకాల్లోంచి ఒకటి తీసుకుని చదవడం లేదా బొమ్మలు చూడటం. ప్రతిసారీ ‘టీచర్, అయిపోయింది, ఇప్పుడేం చేయాలి’ అని మీ దగ్గరికి రాకూడదు.

రెండు తరగతులు ఒకే గదిలో ఉండటాన్ని సమస్యగా చూడకండి. మాటలు, కథ, ఆట అందరికీ కలిపే. అక్షరాలు, లెక్కల వేళకు మాత్రం విడదీయాలి. మీరు ఒకటో తరగతితో కూర్చున్న ఇరవై నిమిషాలు రెండో తరగతి వాళ్లకు తెలిసిన పనే ఇవ్వాలి, కొత్తది కాదు. తర్వాత తిరగేయండి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం ఈ సమస్యకే నిచ్చెన పద్ధతి తయారు చేశారు. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు, బిడ్డ తన మెట్టు ఎక్కడుందో చూసుకుని తానే కార్డు తీసుకుంటాడు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కృత్యాధార పద్ధతి వచ్చిందీ దీని స్ఫూర్తితోనే. అన్ని కార్డులు మీరొక్కరే తయారు చేయలేరు, కానీ బిడ్డ తన మెట్టు నుంచి ముందుకు వెళ్లాలన్న మాట మాత్రం మీ గదిలోనూ పాటించొచ్చు. ఒకటో తరగతిలో చదవడం వచ్చినవాణ్ని రెండో తరగతి గుంపులో కూర్చోబెట్టండి. రెండో తరగతిలో అక్షరాలు రానివాణ్ని, వాడు సిగ్గుపడకుండా చూసుకుంటూ, ఒకటో తరగతి గుంపులో కూర్చోబెట్టండి.

చార్టుల గురించి ఒక్క మాట. 1980ల చివరి నుంచి బ్రిటన్ సాయంతో నడిచిన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణల్లో చుట్టుపక్కల వస్తువుల్ని వాడుకోవాలని, పిల్లలు చేసిన పనిని గోడల మీద ప్రదర్శించాలని చెప్పేవారు. ఆ రెండో మాట ఇప్పుడు చాలా బడుల్లో తలకిందులైంది. టీచర్ కొన్న రంగురంగుల చార్టులు పెద్దవాళ్ల కళ్ల ఎత్తులో వేలాడుతుంటాయి. బిడ్డ కంటి ఎత్తులో, బిడ్డ వేసిన బొమ్మ, దాని కింద వాడి మాటలో ఒక వాక్యం, అది చాలు. నెలకోసారి మార్చండి.

ఎవరికి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి పరీక్ష దాకా ఆగొద్దు. ఇరవై మంది కాబట్టి రోజుకు నలుగురిని దగ్గరికి పిలిచి, ఒక్కొక్కరి చేత రెండు నిమిషాలు చదివించి, ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి ఒక వాక్యం రాసుకోండి. ఐదు రోజుల్లో అందరూ అయిపోతారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఒకటో తరగతి ముగిసేసరికి తెలియని పాఠంలోంచి నాలుగైదు సులువైన మాటల వాక్యాలు చదవాలని, 99 దాకా సంఖ్యలు రాయాలని ఉంది. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థంతో చదవాలి, 999 దాకా సంఖ్యలు. ఆ గీతను దగ్గర పెట్టుకోండి, కానీ స్టాప్‌వాచ్ పెట్టి పిల్లల్ని పరిగెత్తించకండి. తెలుగు మాటలు పొడవు. నిమిషానికి ముప్పై చదివి కథ చెప్పగల బిడ్డ, గడగడా చదివి ఏమీ చెప్పలేని బిడ్డకంటే ముందున్నట్టు లెక్క.

నోట్సు గురించి అడిగే తల్లిదండ్రులది తప్పేమీ లేదు. కూలికి వెళ్లొచ్చి సాయంత్రం చూసేసరికి, బిడ్డ చదువుకుంటోందని చెప్పే ఆధారం వాళ్లకు ఆ నోట్సు ఒక్కటే. కాబట్టి వేరే ఆధారం ఇవ్వండి. బోర్డు మీది వాక్యం చిన్న చీటీ మీద రాయించి జేబులో పెట్టి పంపండి, ఇంట్లో ముగ్గురికి చదివి వినిపించి రావాలి. చదువురాని అమ్మానాన్నలకు కూడా ఈ హోంవర్కు కష్టం కాదు, విని ఊకొట్టడమే వాళ్ల పని. తల్లిదండ్రుల సమావేశం రోజు మీరు మాట్లాడటం తగ్గించి, ప్రతి బిడ్డ చేత తరగతి పుస్తకంలోంచి ఒక పేజీ చదివించండి. మేక వాక్యం తమ ఇంటిదేనని ఆ తల్లికి తెలిసిన క్షణం తర్వాత నోట్సు గురించి ఆమె అడగదు. రెండో తరగతికి మాత్రం రోజూ నాలుగు లైన్లు నోట్సులో రాయించండి, అది వాళ్లకు అవసరం కూడా.

వలస వెళ్లే కుటుంబాల పిల్లలు మీ బడిలో ఉన్నారో లేదో రాయలేదు. మా ప్రకాశం జిల్లా పడమటి పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లేవాళ్లు సంక్రాంతి తర్వాత నెలల తరబడి ఉండరు. వెళ్లే కుటుంబాలు ఉంటే డిసెంబరులోనే పేర్లు రాసుకుని సీజనల్ హాస్టల్ (వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే వసతి) గురించి ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి, ఆలస్యమైతే కుదరదు. బిడ్డ వెళ్లిపోయినా పేరు కార్డు బల్ల మీద నుంచి తీయకండి. రోజూ మిగతా పిల్లలు ఆ పేరు చదువుతూనే ఉంటారు. తిరిగొచ్చాక ‘అ’ నుంచి మొదలుపెట్టకండి. ముందు రెండు రోజులు ఏమీ చెప్పకుండా చదివించి చూడండి, మీరు అనుకున్నదానికంటే ఎక్కువే గుర్తుంటుంది. మరిచిపోయినవి ఏవో రాసుకుని, వాటికి మాత్రమే ఒక స్నేహితుణ్ని జత చేసి రోజుకు పది నిమిషాలు ఇవ్వండి.

పాఠ్యప్రణాళిక పుస్తకంలో ఇదంతా ఎలా రాయాలన్నది కూడా మీకు వచ్చే ప్రశ్నే. పేరు కార్డులు, మాటల వేళ, జంటమాటలు, ట్రే లెక్కలు, కథ అని మొదటి పేజీలో ఒకసారి వివరంగా రాసి, ఏది ఏ అభ్యసన ఫలితానికో పక్కన వేసుకోండి. తర్వాత ప్రతి వారం ఏ వాక్యాలు, ఏ అక్షరాలు, ఏ సంఖ్యలు, ఏ కథ అన్నవి మాత్రం రాస్తే సరిపోతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు తరగతి పుస్తకం వెంట తీసుకెళ్లండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇందులో మూడు పనులే పెట్టుకోండి, పేరు కార్డులు, మాటల వేళ, కథ. అవి గాడిన పడ్డాక మిగతావి ఒక్కొక్కటిగా చేర్చండి. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఏ పనిలో, ఏ నిమిషంలో ఆగిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.